రోడ్డు భద్రత – లెక్క ఎలా చూడాలి?

ప్రతి జనవరిలో రోడ్డు భద్రత ఉత్సవాలు వస్తాయి. మనచేత ప్రతిజ్ఞ చేయిస్తారు, ర్యాలీ తీయిస్తారు. తర్వాత ఇన్ని ర్యాలీలు, ఇన్ని కరపత్రాలు అని రిపోర్టు వెళ్తుంది. అది పని లెక్క. ఫలితం లెక్క వేరు. దోమల మందు ఎన్ని ఇళ్ళకి కొట్టేరన్నది కాదు గదా, మలేరియా తగ్గిందా అన్నది ముఖ్యం!

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయేరు. అంటే రోజుకి 460 మంది పైనే. మనలాంటి హాస్టలు ఒకటి రోజూ ఖాళీ అయిపోయినట్టు.

ఈ సంఖ్య తగ్గినా వెంటనే సంబరపడకూడదు. 2019లో లక్షన్నర పైన ఉన్న చావులు 2020లో లక్షా 40 వేలలోపుకి దిగేయి. ఏ పథకం వల్లా? కాదు, కరోనా లాక్‌డౌన్‌లో బళ్ళు తిరగలేదు. తిరగడం మొదలయ్యేక మళ్ళీ పెరిగేయి.

ఇంకో చిక్కుంది. ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర ఈ ఏడు 5 ప్రమాదాలు జరిగేయనుకోండి. బోర్డు పెట్టేరు. మరుసటి ఏడు 2 జరిగేయి. బోర్డు వల్లే అంటాం. కాని ప్రమాదాలు ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ వస్తూనే ఉంటాయి. ఏమీ చెయ్యకపోయినా తగ్గి ఉండొచ్చు. అందుకే జాతీయ రహదారుల మీద 'బ్లాక్ స్పాట్' గుర్తించడానికి 3 ఏళ్ళు చూస్తారు: సుమారు 500 మీటర్ల రోడ్డులో, ప్రాణం పోయిన లేక పెద్ద దెబ్బలు తగిలిన ప్రమాదాలు 5, లేదా 10 చావులు. బాగుచేసిన తర్వాత కూడా అంతకాలం చూడాలి. బాగుచెయ్యని మరో మలుపుతో పోల్చాలి. సైన్సు ప్రయోగంలో ఒక కుండీ ఎండలో, ఒకటి నీడలో పెట్టినట్టే.

చావుల లెక్కకీ ఒక పద్ధతుంది. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు ఆసుపత్రిలో పోయినా లెక్కలో కలపాలి. మన ఏజెన్సీలో దెబ్బ తగిలేది కొండమీద, ప్రాణం పోయేది పట్నంలో. ఆ కబురు ఇక్కడి స్టేషనుకి చేరకపోతే ఆ మలుపు మంచిదే అనిపిస్తుంది!

మన గేటు ముందు స్పీడ్ బ్రేకర్ అడుగుతున్నాం. వేసేక చూద్దాంలే అంటే కుదరదు, ముందు లెక్క లేకపోతే దేంతో పోలుస్తాం? వార్డెన్ గారు ఒప్పుకుంటే 9వ తరగతివాళ్ళు సంత రోజు ఒక గంట, మామూలు రోజు ఒక గంట గేటు లోపలే నిలబడి రాయాలి: ఎన్ని బళ్ళు వెళ్ళేయి, ఎన్ని గేటు దగ్గర నిదానించేయి, ఎంతమందికి హెల్మెట్ ఉంది, జీపు వెనక ఎంతమంది వేలాడుతున్నారు. స్పీడ్ బ్రేకర్ వేసేక అవే రోజులు, అవే గంటలు మళ్ళీ రాయాలి. నోటుబుక్కు సైన్సు గదిలో ఉంటుంది.