గుట్టు తెలిసిన కథ



గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములలో తిరునాళ్ళకు నాటకము కట్టించుట చిరకాలముగ నున్న వాడుక. రాత్రి తెర లేచిన హరిశ్చంద్ర నాటకము కోడికూతవేళకు గాని ముగియదు. ఆ జనములో ఆ కథ నెరుగనివాడు అరుదు. అయినను కాటిసీను వచ్చువరకు కన్ను మూయక కూర్చుందురు. నేడు ఆ యిండ్లలోనే పడుచువారు టెలివిజనునందును, చేతిలోని ఫోనునందును మాయలు, మంత్రములు, రాజ్యతంత్రములు గల ధారావాహిక నాటకములను చూచుచున్నారు. రాబోవు భాగములోని రహస్యమును ఎవరైన ముందుగ బయటపెట్టినచో వారికి పట్టరాని కోపము వచ్చును. తెలిసినంత మాత్రమున చెడిపోవు కథ ఒక కథయా యని పెద్దలందురు. తెలిసిపోయిన పిమ్మట చూచుటకేమున్నదని పిన్నలందురు. ఈ రెండు పక్షములలో న్యాయమెంత యున్నదో విచారించుటయే నేటి ప్రసంగవిషయము.

కథలోని గుట్టు రెండు విధములు. పాత్రకు తెలియక ప్రేక్షకునకు తెలిసియుండునది మొదటిది. ప్రేక్షకునకు గూడ తెలియక తుదకు బయటపడునది రెండవది. మన పూర్వులు మొదటిదానియందు మక్కువ చూపిరి. శకుంతలను దుష్యంతుడు మరచుటకు దుర్వాసుని శాపమే కారణమని ప్రేక్షకునకు ముందే తెలియును, రాజునకు తెలియదు. ఈ శాపము భారతకథలో లేదు. కాళిదాసు దానిని కల్పించి, గుట్టును మన చేతికిచ్చి, రాజును చీకటిలో నిలిపెను. ఉంగరము మరల చేతికి వచ్చినపుడు రాజు పడు వేదనను మనము ముందునుండియే యెదురుచూచుచుందుము. ఆ యెదురుచూపే అచ్చటి రసము.

హరిశ్చంద్ర నాటకము సంగతియు నిట్టిదే. ఇది విశ్వామిత్రుని పరీక్షయని మనకందరకు తెలియును. చంద్రమతి మంగళసూత్రము భర్తకు దక్క అన్యులకు కనబడదనియు తెలియును. తెలియనివాడు హరిశ్చంద్రుడొక్కడే. వేషధారి ఈ కథ కొసవరకు నెరిగినవాడే యైనను, కాటిలో నిలిచినపుడు ఏమియు నెరుగనివానివలె నుండవలెను. తుదకు దేవతలు దిగివత్తురను ధీమా ఆతని మోమున లేశమాత్రము కనబడినను నాటకము చెడును. పద్యము బాగుగ పాడినచో మనవారు వన్స్ మోర్ అని కేకలు వేసి మరల పాడింతురు. కాని అనుభవముగల ప్రేక్షకుడు రాగము నొక్కదానినే గాక, మంగళసూత్రము కనబడిన క్షణమున నటుని కనులను గూడ చూచును.

1957వ సంవత్సరమున కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన మాయాబజార్ చిత్రము దీనికి మరియొక నిదర్శనము. శశిరేఖ కథ వ్యాసభారతమున లేదు. అయినను తెలుగువారికది చిరపరిచితము. పెండ్లియింట తిరుగుచున్న శశిరేఖ నిజముగ ఘటోత్కచుడేయని చూచువారికి తెలియును, పెండ్లివారికి తెలియదు. సావిత్రి ఆ మాయాశశిరేఖగ నటించినపుడు నడకలో మగటిమి, మరునిమిషమున ఆడుపిల్ల సిగ్గు చూపి, ఒక్క దేహమున ఇద్దరిని నిలిపెను. గుట్టు మనకు ముందు తెలియకున్నచో ఆ నటనలోని నేర్పు మనకు పట్టుబడెడిదే కాదు. కావున గుట్టు తెలియుట రసమునకు శత్రువను మాట ఎల్లయెడల చెల్లదు. దూరదర్శనమున 1987 జనవరిలో మొదలై 1988 జులైలో ముగిసిన రామాయణ ధారావాహికమును, 2020లో ఇల్లు వెడలరాని దినములలో మరల ప్రసారము చేసినపుడు జనులు మరల చూచుటయే ఇందుకు సాక్ష్యము.

ఇక రెండవ విధమునకు వత్తము. దీనికి మన భాషలో మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము రాజమౌళిగారి బాహుబలి. అది టెలివిజను నాటకము గాదు, చలనచిత్రము. అయినను రెండు భాగములుగ వచ్చుటచే ధారావాహికమువలెనే జనులను నిరీక్షింపజేసెను. 2015 జులై 10న వచ్చిన మొదటి భాగము, బాహుబలిని చంపినది నేనేయని కట్టప్ప చెప్పుటతో ముగిసెను. ఏల చంపెనను ప్రశ్నకు 2017 ఏప్రిల్ 28న రెండవ భాగము వచ్చువరకు, అనగా ఇరువదియొక్క మాసములకు పైగ, ఉత్తరము లేకపోయెను. రచ్చబండలవద్దను, కళాశాలలలోను, దేశమంతటను ఆ ప్రశ్నయే ప్రశ్నయయ్యెను.

ఉత్తరము వెలువడిన పిమ్మట అభిప్రాయములు రెండుగ చీలెను. సింహాసనమునకు బానిసయైన కట్టప్ప, రాజమాత శివగామి యాజ్ఞను కాదనలేక చంపెను. ఇది సరియైన ఉత్తరమే యనువారు మొదటి భాగమునుండి ఒక ఆధారము చూపుదురు. అందు అస్లంఖానుడను వర్తకుడు స్వేచ్ఛ ఇప్పింతునన్నపుడు, తన పూర్వులు సింహాసనమునకిచ్చిన మాట విడువజాలనని కట్టప్ప నిరాకరించెను. విత్తనము అచ్చటనే పడినది. కాదనువారు శివగామిని తప్పుపట్టిరి. మొదటి భాగమున అంతటి వివేకవతిగ నిలిచిన రాజమాత, రెండవ భాగమున భల్లాలదేవుని పన్నాగమును అంత సులభముగ నమ్ముట పొసగదని వారి వాదము. అయినను సత్యరాజ్ కట్టప్పగను, రమ్యకృష్ణ శివగామిగను చూపిన నటనను ఈ రెండు పక్షములవారును మెచ్చిరి. తనను మామాయని పిలుచు వీరుని వెనుకనుండి పొడుచునపుడు కట్టప్ప మోమున ఆజ్ఞాబద్ధతయు వాత్సల్యమును ఒక్కసారి కనబడవలెను. అది కనబడినందుననే కారణము నొప్పుకొననివారికి గూడ కన్ను చెమ్మగిల్లెను.

పరదేశములందును ప్రేక్షకుల ధర్మమిట్లే యున్నది. 2011 మొదలు 2019 వరకు ఎనిమిది విడతలుగ, 73 భాగములుగ గేమ్ ఆఫ్ త్రోన్స్ అను ఆంగ్ల ధారావాహికము ప్రసారమయ్యెను. రాజ్యములు, రెక్కల సర్పములు గల ఆ కథకు మూలము మార్టిన్ అను అమెరికా రచయిత నవలలు. అందొక పెండ్లివిందులో అతిథులను వధించు ఘట్టము కలదు. అది 2000వ సంవత్సరమున నవలలో వచ్చెను. తెరపై 2013 జూనులో వచ్చెను. నవల చదివినవారిలో అనేకులు ఆ సంగతిని ఇతరులకు చెప్పక దాచి, చూచువారి ఆశ్చర్యమును తాము చూచి ఆనందించిరి. గుట్టు తెలిసినవానికి ఒక ఆనందము, తెలియనివానికి మరియొక ఆనందము అని ఇందువలన తేలుచున్నది.

ఆ ధారావాహికము ముగింపే వివాదమయ్యెను. బానిసలను విడిపించిన రాణి, లొంగిపోయిన నగరమును తన సర్పముచే కాల్పించుట తొందరపడి వ్రాసినదని ప్రేక్షకులు ఆగ్రహించిరి. తుదివిడతను మరల తీయవలెనను విన్నపముపై పదిలక్షలకు మించినవారు సంతకములు చేసిరి. అయినను అదే విడతకు, అదే 2019లో, మరుగుజ్జు మంత్రి పాత్రధారి పీటర్ డింక్లేజ్ ఎమ్మీ బహుమానమును పొందెను. కథను నిందించినవారు సైతము నటుని నిందింపలేదు. నటుడు తన చేతికిచ్చిన మాటకు ప్రాణము పోయవలెనే గాని, మాట తప్పైనచో ఆ దోషము వ్రాసినవానిదే.

భరతముని రూపకమునకు ముఖము మొదలు నిర్వహణము వరకు ఐదు సంధులను చెప్పెను. ముఖసంధియందు బీజము నాటవలెను, నిర్వహణమునందు అద్భుతరసముండవలెను. ఈ రెండు విధులను కలిపి చూచినచో మనకు కొలబద్ద దొరకును. తుదకు బయటపడు గుట్టు ఆశ్చర్యము గొల్పవలెను. ఆలోచించి వెనుకకు చూచినచో మొదట నాటిన విత్తనమునుండియే మొలచినదిగ కనబడవలెను. కంది విత్తి ఆముదములు కోయుదుమన్నచో ఏ రైతును నమ్మడు. కాబట్టి మంచి గుట్టునకు పరీక్ష రెండవమారు చూచుటయే. రెండవమారు చూచినపుడు మొదటి భాగములోని మాటలకు క్రొత్త అర్థము తోచినచో అది కవి నేర్పు. ఏమియు తోచక చప్పబడినచో అది గారడివాని సంచి. ఒక్కమారు విప్పిన పిమ్మట అందేమియు మిగులదు.

కావున పెద్దలకు రెండు మనవులు. ఇంటిలోని పిన్నలు గుట్టు చెప్పవద్దని వేడినపుడు నవ్వి త్రోసివేయరాదు. తొలిమారు విస్మయమును పొందుట వారి హక్కు. విందులో కూర్చున్నవాని విస్తరిలోని భక్ష్యమును మనము తీసివేయుదుమా? వారు చూచు నాటకము పూర్తియైన పిమ్మట వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ప్రశ్నింపుడు. ఎవడు చంపెనని గాదు, ఏల చంపెను, ఆ కారణము నీకు చాలునా యని అడుగుడు. ఆ విత్తనము మొదట ఎచ్చట పడినదని అడుగుడు. గుట్టు నెరిగిన నటుడు ఎరుగనివానివలె ఎట్లు నిలిచెనో చెప్పుమనుడు.

ఆజ్ఞ పెద్దదా, ధర్మము పెద్దదా యను కట్టప్ప ప్రశ్న, సత్యముకొరకు ఆలుబిడ్డల విడిచిన హరిశ్చంద్రుని ప్రశ్నకు దూరపుచుట్టము గాదు. ఆ చుట్టరికమును చూపగలవారు ఇంటి పెద్దలే. చూపినచో పిన్నలు తమ నాటకమును మీకు చెప్పుదురు; మీ కాటిసీను చూచుటకు తిరునాళ్ళకును వత్తురు.