కారు పూత మీద సాలెగూడు గీతలు

రియాద్‌లోనో దమ్మామ్‌లోనో కొన్న నల్ల కారు ఓ ఏడాది తిరిగేసరికి, ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపిస్తాయి. నీడలోకి తెస్తే మాయం. రాత్రి వీధిదీపం కింద పెడితే దీపం ప్రతిబింబం చుట్టూ వలయాలు వలయాలుగా మళ్ళీ ప్రత్యక్షం. తోమి తోమి అరిగిన స్టీలు పళ్ళేన్ని లైటు కింద పట్టుకుని చూడండి, అచ్చం ఇవే వలయాలు. నిజానికి ఆ గీతలు గుండ్రంగా లేవు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగానే ఉన్నాయి. వాటిలో వెలుగును మన కంటివైపు తిప్పగల కోణంలో ఉన్నవి మాత్రమే మెరుస్తాయి, అవి వెలుగు చుట్టూ వలయంలా పేర్చినట్టు అనిపిస్తాయి. దీపం జరిగితే వలయాలూ జరుగుతాయి. తెల్ల కారుకీ ఇన్ని గీతలూ ఉంటాయి, కనబడవంతే.

గీసింది ఇసుక, గీయించింది గుడ్డ. ఎడారి దుమ్ములో పలుగురాయి పొడి, అంటే క్వార్ట్జ్, దండిగా ఉంటుంది. అది గాజునే గీయగలదు, కారు పూత ఒక లెక్కా! దుమ్ము ఊరికే కూర్చుంటే నష్టం లేదు. దాన్ని పొడిగుడ్డతో తుడిచినప్పుడే ప్రతి రేణువూ ఒక ఉలి అవుతుంది. ఆఫీసు పార్కింగులో నెలకింతని తీసుకుని రోజూ కారు తుడిచే కుర్రవాడి బకెట్‌లో పదో కారు దగ్గరికి వచ్చేసరికి ఉండేది బురదనీళ్ళే. అతన్ని అని లాభం లేదు, అతనికి దొరికే నీళ్ళు అన్నే.

ఇప్పుడు గీత పడింది దేని మీదో చూద్దాం. పాత అంబాసిడర్ కార్లకు పాలిష్ పడితే గుడ్డకి రంగు అంటుకునేది, ఎందుకంటే పై పొరే రంగు. 1980ల నుంచి క్రమంగా పద్ధతి మారింది. ఇవాళ్టి కార్లలో చాలావాటికి రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా పలచన. మన సాలెగూడంతా ఈ పొరలోనే ఉంది.

పాలిష్ పడితే గీత పోతుందంటాం గానీ, జరిగేది వేరు. గుంట పడిన పొలాన్ని చదును చెయ్యాలంటే రెండు దారులు. మట్టి తెచ్చి గుంట పూడ్చడం ఒకటి, చుట్టూ ఉన్న నేలనంతా గుంట అడుగుదాకా చెక్కెయ్యడం రెండోది. పాలిష్ చేసేది రెండోది. పాలిష్ ముద్దలో ఉండేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ పొడి, అంటే మన కురువిందమే. ఇంగ్లీషువాళ్ళ కొరండం అన్న మాట దక్షిణాది భాషల నుంచి వెళ్ళిందే. అది క్లియర్ కోట్‌ని కొంచెం కొంచెంగా కోస్తుంది. సన్నరకం పాలిష్ ఒక విడతకి తీసేది ఒక మైక్రాను లోపే ఉండొచ్చు. ముతక కాంపౌండ్ అంతకు ఎన్నో రెట్లు తీస్తుంది. తీసింది మళ్ళీ రాదు. ఈ పనిలో అండూ బటన్ లేదన్నమాట.

పలచబడితే ఏం? క్లియర్ కోట్‌లో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు కలిపి ఉంటాయి. పొర తగ్గితే ఆ గొడుగు చిరిగినట్టే. సౌదీ ఎండలో దాని ఫలితం పాత కార్ల కప్పుల మీద చూసే ఉంటారు, పొట్టు లేచిన తెల్లటి మచ్చలు. ఆ దశకి వచ్చాక ఏ పాలిషూ పనికిరాదు, రంగు వేయించాల్సిందే.

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్ళేముందు కారు అమ్మకానికి పెడతాం కదా. ఇక్కడి హరాజ్ ప్రకటనల్లో (మన హర్రాజు పాటలోని హర్రాజూ ఇదే) తరచు కనిపించే మాట 'బాడీ వకాలా', అంటే కంపెనీ వేసిన రంగే ఉందని. 'రష్' అంటే తర్వాత స్ప్రే కొట్టించారని. రష్ ఉంటే బేరం దిగుతుంది. కొనేవాళ్ళు మందం కొలిచే మీటరుతో ప్రతి తలుపూ తడిమి చూస్తారు. సన్నని గీతలకి ఎవరూ పెద్దగా ధర తగ్గించరు, రష్‌కి తగ్గిస్తారు. కాబట్టి అత్యుత్సాహంతో క్లియర్ కోట్ కాల్చుకోవడం కన్నా గీతలతో అమ్ముకోవడమే లాభం.

ముందు గీత లోతు చూడాలి. గోరు అడ్డంగా లాగితే తట్టుకుందా, అది ఇంట్లో తీసే గీత కాదు, వదిలెయ్యండి. తట్టుకోకపోతే దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు వెయ్యండి. నీళ్ళ వక్రీభవన గుణకం 1.33, పూతది సుమారు 1.5. గాలితో పోలిస్తే తేడా బాగా తక్కువ కాబట్టి నీళ్ళు నిండిన గీత కనపడకుండా పోతుంది. అలా మాయమైతే పైపైదే. బజారులో 'ఒక్క రుద్దుతో గీతలు మాయం' అని అమ్మే సీసాల్లో చాలావాటి రహస్యమూ ఇదే, నీళ్ళ బదులు నూనె, మైనం. నాలుగు సార్లు కడిగితే గీతలు తిరిగి హాజరు.

నిజంగా తియ్యాలనుకుంటే ఎండ వేళ వద్దు. వేసవి మధ్యాహ్నం ముదురు రంగు బానెట్ 70 డిగ్రీలు దాటగలదు, పాలిష్ ముద్ద పెట్టగానే ఎండి పెచ్చు కడుతుంది. ఇషా నమాజు అయ్యాక, బేస్‌మెంట్‌లో, రేకు చల్లబడ్డాక మొదలుపెట్టండి. దానికి ముందు సర్వీసు స్టేషన్‌లో ప్రెషర్ నీళ్ళతో దుమ్ము వదిలించి, షాంపూతో కడిగి, అంటుకుపోయిన మురికిని క్లే బార్‌తో తీసెయ్యాలి. ఈ మెట్టు దాటేస్తే మిగిలిన ఇసుకని పాలిష్‌తో కలిపి నూరినట్టే. అంచుల దగ్గర పూత పలచన, అక్కడా ప్లాస్టిక్ మీదా మాస్కింగ్ టేప్ అంటించండి.

యంత్రం కొంటే డ్యూయల్ యాక్షన్ రకం కొనండి. అది తిరుగుతూనే ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం మానేస్తుంది, అందుకే పూత కాలే ప్రమాదం తక్కువ. ఒకే దిక్కున గిర్రున తిరిగే రోటరీ అలవాటు లేని చేతికి వద్దు. మెత్తని ఫోమ్ ప్యాడ్, అన్నిటికన్నా సన్నరకం పాలిష్, రెండడుగుల చదరం, అంతే. అక్కడ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి (నూనె దాచినవి బయటపడతాయి), ఫోన్ టార్చ్ వేసి చూడండి. నూటికి డెబ్భై గీతలు పోతే చాలు. మిగిలిన ముప్పై కోసం ముతక రకానికి వెళ్ళకపోవడమే నా సలహా.

తర్వాత పైన ఏదో ఒక పూత పెట్టాలి. కార్నూబా మైనం 80 డిగ్రీలు దాటాక కరుగుతుంది, కాబట్టి ఇక్కడి వేసవికి సింథటిక్ సీలెంట్ నయం. సెరామిక్ కోటింగు మెరుపునీ జారుడునీ ఇస్తుంది, పలుగురాయి పొడిని మాత్రం ఆపలేదు. దుమ్ము తుఫాను వచ్చిన మర్నాడు వైపర్ నీళ్ళతో అద్దం కడుక్కుని అలాగే ఆఫీసుకి వెళ్ళిపోండి, సాయంత్రం ప్రెషర్ నీళ్ళు పట్టేదాకా బానెట్ జోలికి ఎవరినీ రానివ్వొద్దు. మైక్రోఫైబర్ గుడ్డ ఒక్కసారి నేల మీద పడినా సరే, దాన్ని చక్రాలు తుడవడానికి కేటాయించెయ్యండి.