గిరిజన విద్యార్థుల ఉన్నత విద్య – దాతృత్వం పాత్ర: భిక్నూర్ నేపథ్యం

కామారెడ్డి జిల్లా భిక్నూర్‌లో ఒకప్పటి ఉస్మానియా విశ్వవిద్యాలయ పీజీ కేంద్రమే నేటి తెలంగాణ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం. జిల్లాలోని తండాల లంబాడా యువతకు పీజీ చదువు చేరువలో లభించే చోటు అది.

తెలంగాణలో విద్యాదానానికి చరిత్ర ఉంది. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టల్ ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. అయితే ఆ వసతిగృహానికి అండగా సంపన్న వర్గం నిలిచింది. తండాలకు అటువంటి దాతల అండ లేదు. తెలంగాణ లంబాడాలు 1976 నాటి సవరణ చట్టంతో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిన తరువాత వారి చదువుకు ప్రభుత్వ సహాయమే ప్రధానాధారమైంది.

ఆ సహాయం రెండు తీరులుగా ఉంది. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు మించని అర్హులందరికీ కేంద్ర పథకం కింద పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనం వర్తిస్తుంది. పరిశోధక విద్యార్థులకిచ్చే జాతీయ ఫెలోషిప్పులు మాత్రం దేశమంతటికీ ఏటా 750 మాత్రమే.

కనుక దాతృత్వం ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కారాదు. అది చేరని చోటును పూరించాలి. ఉపకార వేతనం చేతికందేది ప్రవేశం పొందిన తరువాతే. మెస్ ఖర్చు, పుస్తకాలు, ప్రయాణం అంతవరకు ఆగవు. ప్రాంగణ స్థాయిలో దాతల విరాళాలతో ఒక నిధిని నెలకొల్పి, ప్రవేశ సమయంలో వడ్డీలేని బదులుగా ఇచ్చి, ఉపకార వేతనం అందాక తిరిగి జమచేసుకుంటే అదే మొత్తం మరుసటి ఏడు మరొకరికి ఉపకరిస్తుంది. ఫెలోషిప్ దక్కని పరిశోధకులకు క్షేత్రపర్యటన వ్యయాన్ని నేరుగా దానంగానే ఇవ్వడం సముచితం.