ఆటల కంప్యూటర్ బిగించుకునే ఇంట్లో డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఇంటర్ పూర్తిచేసిన పిల్లవాడు "నాన్నా, విడిభాగాలు కొనుక్కుని గేమింగ్ కంప్యూటర్ నేనే బిగించుకుంటాను" అన్నప్పుడు పల్లెలోని తండ్రికి రెండు సందేహాలు కలుగుతాయి. ఎందుకు అన్నది మొదటిది, ఎంత అన్నది రెండవది. మొదటిది ఏ ఇంటివారు ఆ ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. ఒక్క మాట మాత్రం చెప్పి వదిలేస్తాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మనం ఇక్కడ మాట్లాడుకునేవి ఆ ఆటలు కావు. క్రికెట్, ఫుట్‌బాల్, కార్ల పందెం వంటివి. ఆఫీసు పనికని కొన్న కంప్యూటర్ మీద ఈ ఆటలు నడవవు గాని, ఆటలకని కొన్నదాని మీద చదువు, ప్రోగ్రామింగ్, వీడియో పని అన్నీ నడుస్తాయి.

ఇక రెండవ సందేహం. మధ్యరకం బడ్జెట్ అంటే నా లెక్కలో 70 వేల నుండి లక్ష వరకు. పల్లెటూరి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. ఒక పాడి గేదె ధర. ఆ డబ్బు ఏ భాగం మీద ఎంత పెట్టామన్న దాన్ని బట్టి పెట్టె నాలుగైదేళ్లు పనికొస్తుందా, ఆరు నెలలకే మూలన పడుతుందా అన్నది తేలుతుంది.

మా ప్రాంతంలో ఒక కుటుంబం మిరప అమ్మిన డబ్బులో 42 వేలు తీసి పట్టణంలోని ఒక దుకాణంలో తయారుగా ఉన్న "గేమింగ్ సిస్టమ్" కొన్నది. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, అద్దాల క్యాబినెట్‌లో రంగురంగుల లైట్లు. వినడానికి ఏ లోటూ లేదు. తీరా ఇంటికి తెచ్చాక కొత్త ఆట ఒక్కటీ సరిగా నడవలేదు. "ఐ7 అంటే ఐ5 కంటే పెద్దదే గదా అయ్యగారూ" అని ఆ తండ్రి అడిగాడు. లోపల ఉన్నది కోర్ ఐ7 3770. అది 2012 నాటి ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, అది 2014 నాటిది. విండోస్ 11 ఆ ప్రాసెసర్‌ను అధికారికంగా అంగీకరించదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ దుకాణదారుడు చెప్పిన ప్రతి మాటా నిజమే, మోసం అంతా చెప్పకుండా వదిలిన మాటల్లో ఉంది.

గనుక పేరు చూడవద్దు, అంకె చూడండి. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో ఐ5, ఐ7 అన్నది తరగతి వంటిది. దాని తరువాత వచ్చే అంకె మొదటి భాగం తరం. 3770 అంటే మూడవ తరం, 12400 అంటే పన్నెండవ తరం. పన్నెండవ తరం ఐ5 ముందు మూడవ తరం ఐ7 నిలువలేదు. గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే "4 జీబీ" కూడా ఇటువంటిదే. అది కార్డు దగ్గరున్న గోదాము సైజు మాత్రమే, పనివాళ్ల సంఖ్య కాదు. జీటీ 730లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు ఎక్కువలో ఎక్కువ 384. 2025 మే నెలలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060లో 3,840.

ఆటల కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డే అసలు ఎద్దు. మామూలు 1080 తెర మీద 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఆట సాఫీగా కనిపించాలంటే సెకనుకు కనీసం 60 సార్లు ఆ చుక్కలన్నిటికీ రంగు లెక్కకట్టాలి. అంటే సెకనుకు 12 కోట్ల చుక్కలు. ఈ చాకిరీ అంతా ప్రాసెసర్ చేయదు, గ్రాఫిక్స్ కార్డు చేస్తుంది. అందుచేత మొత్తం డబ్బులో మూడో వంతు, కుదిరితే మరికొంచెం, దీనికే కేటాయించి, మిగిలిన దానితో తక్కిన భాగాలు చూడమంటాను. చాలామంది తిరగేసి చేస్తారు. ఖరీదైన ప్రాసెసర్, లైట్ల క్యాబినెట్ కొనేసి, చివర మిగిలిన పది వేలకు ఏ కార్డు వస్తే అది తెచ్చుకుంటారు.

మధ్యరకానికి సరిపోయే కార్డులు కొన్ని ఉన్నాయి. ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 5060కి 8 జీబీ మెమరీ, 145 వాట్ల కరెంటు. ఏఎమ్‌డీ వారి ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 2025 జూన్‌లో వచ్చింది. ఇంటెల్ వారి ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది గాని, పాత ప్రాసెసర్ పక్కన పెడితే అది మందగిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. 9060 ఎక్స్‌టీ 8 జీబీతోనూ వస్తుంది, 16 జీబీతోనూ వస్తుంది. పేరు ఒకటే, పెట్టె ఒకేలా ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ సంగతీ అంతే. కొత్త ఆటలు కొన్ని 1080 తెర మీదనే 8 జీబీని నింపేస్తున్నాయి గనుక నాలుగైదేళ్లు వాడదలచినవారు ధరలో తేడా భరించగలిగితే 16 జీబీది తీసుకోవడమే నయం. పెట్టె మీది అంకె కొట్టులోనే చదవండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి తేలిక ఆటలు తప్ప వేరే ఆడనివారికి ఇంత అవసరం లేదు, వారికి 8 జీబీ చాలు.

ప్రాసెసర్ విషయంలో ఆరు కోర్లుంటే సరిపోతుంది. ఏఎమ్‌డీ రైజెన్ 5 7600, ఇంటెల్ కోర్ ఐ5 12400ఎఫ్ రెండూ ఆరేసి కోర్లవే, రెంటికీ పెట్టెలోనే ఫ్యాన్ కూలర్ వస్తుంది. ఇంటెల్‌లో చివర 'ఎఫ్' ఉంటే లోపల బొమ్మ చూపించే భాగం లేదని అర్థం. గ్రాఫిక్స్ కార్డు చెడిపోయి మరమ్మతుకు పంపితే ఆ రోజుల్లో తెర నల్లగానే ఉంటుంది. 7600లో ఆ ఇబ్బంది లేదు, ఆటలు ఆడకపోయినా చదువు పని సాగుతుంది. ఇంకొక తేడా మదర్‌బోర్డులో ఉంది. 12400ఎఫ్ కూర్చునే సాకెట్‌ను దాటి ఇంటెల్ 2024లోనే కొత్త సాకెట్‌కు వెళ్లిపోయింది. 7600 కూర్చునే ఏఎమ్5 సాకెట్‌ను 2027 దాకా, ఆ తరువాత కూడా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ 2024లో ప్రకటించింది. అంటే మూడేళ్ల తరువాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. పల్లెవారికి ఇటువంటిదే మేలు. ఒక్కసారిగా అంతా కొనలేం, పంట పంటకూ ఒకటి చేర్చుకుంటాం.

అయితే ఏఎమ్5 బోర్డు డీడీఆర్5 ర్యామ్ తప్ప మరొకటి తీసుకోదు. ఇక్కడే లెక్క తారుమారయింది. కృత్రిమ మేధ కేంద్రాల కొరకు మెమరీ చిప్పులన్నీ అటు పోవడం వలన 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ ఇళ్లవారికి అమ్మే తన క్రూషియల్ ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఏడాది కిందటి వీడియోలో చెప్పిన ధర పట్టుకుని కొట్టుకు వెళితే నిరాశే ఎదురవుతుంది. 12400ఎఫ్ పాత డీడీఆర్4 తీసుకునే బోర్డుల మీదా నడుస్తుంది గనుక, ఇంట్లో లేదా బంధువుల ఇంట్లో మంచి డీడీఆర్4 ర్యామ్ ఖాళీగా ఉంటే దాని వైపు మొగ్గడంలో తప్పులేదు. ఏదైనా 16 జీబీకి తగ్గవద్దు. 8 జీబీవి రెండు పుల్లలు వేస్తే ఒక్క 16 జీబీ పుల్ల కంటే ఆటల్లో వేగం బాగుంటుంది.

నిల్వకు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒక టీబీది తీసుకోండి, చేయి ఆడకపోతే 500 జీబీది. క్యాబినెట్‌కు ముందు వైపు జాలి ఉండి గాలి ఆడితే చాలు, ముందు అద్దం మూసి ఉన్నది మన ఎండలకు పనికిరాదు. ఖాళీ స్క్రూ రంధ్రాలు, వెనుక కార్డుల సందులు మూసి ఉంచండి. బల్లులు, చీమలు వెచ్చదనం వెతుక్కుంటూ లోపలికి చేరతాయి.

ఇప్పుడు కంటికి కనిపించని భాగం. ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ నుండి వచ్చే కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా. కొన్ని క్యాబినెట్లతో ఇది "ఉచితం"గా వస్తుంది. ఆ ఉచితం డబ్బాను గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కు తగిలించవద్దు. అది పోతే ఒంటరిగా పోదు, ఒక్కోసారి బోర్డునూ కార్డునూ వెంటబెట్టుకుని పోతుంది. నేను పైన చెప్పిన భాగాలన్నీ ఆట మధ్యలో వాడేది 300 వాట్ల లోపే. పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ నిశ్చింతగా మోస్తుంది. '80 ప్లస్ బ్రాంజ్' అన్న ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెబుతుంది, అంతే గాని డబ్బా భద్రమని హామీ ఇవ్వదు. ఐదేళ్ల వారంటీ రాసి ఇచ్చే కంపెనీదైతే నమ్మవచ్చు. రోజుకు మూడు గంటలు ఆడినా నెలకు 27 యూనిట్లు మించదు.

డబ్బా ఎంత మంచిదైనా ఇంటి వైరింగులో ఎర్తింగ్ లేకపోతే ప్రయోజనం సగమే. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. చాలా పాత ఇళ్లలో పైరంధ్రం వెనుక వైరే ఉండదు. పని చేసేటప్పుడు క్యాబినెట్ రేకు తాకితే సన్నగా జివ్వుమంటోందంటే అదే కారణం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పరీక్ష చేయించండి, లేకపోతే గుంట తీయించి ఎర్త్ వేయించండి. రంగు లైట్లకు పెట్టే డబ్బు దీనికి పెట్టడం ఎంతో మేలు. యూపీఎస్ విషయానికొస్తే, మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లే. మానిటరు కూడా కలిపితే అంచుకు వస్తుంది గనుక 1000 వీఏది చూడండి. ఇంట్లో ఫ్యాన్ల కొరకు ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూడండి. అది వేయకపోతే కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటర్ ఆరిపోవచ్చు.

కొనడానికి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లే అలవాటు మనవారికి ఎప్పటి నుండో ఉన్నది. సరిహద్దు జిల్లాలవారికి చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గర. ఏ భాగం ఏ మోడలో కాగితం మీద రాసుకుని నాలుగు కొట్లలో ధర అడగండి. "ఇది లేదన్నా, ఇదీ అలాంటిదే" అంటే ఆ కొట్టు దాటిపోండి. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేవారు అది మీ కళ్లెదుట అరగంట ఆట నడిపాకే డబ్బివ్వాలి. 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మారాక, క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబగళ్లు నలిగిన కార్డులు చాలా సెకండ్‌హ్యాండ్ బజారుకు వచ్చాయి.

బిగించేటప్పుడు తొందర వద్దు. పైన చెప్పిన రెండు రకాల ప్రాసెసర్లకూ సన్నని పిన్నులు మదర్‌బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. ప్రాసెసర్‌ను అందులో మెల్లగా పెట్టాలి, నొక్కకూడదు, ఒక్క పిన్ను వంగినా వారంటీ వర్తించకపోవచ్చు. పేస్టు విడిగా వేయవలసి వస్తే శనగగింజంత చాలు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీయాలి. మానిటరు కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకు తగిలించాలి. కొత్త కార్డు కొని కూడా దీని వలన "ఆటలు నడవడం లేదు" అని వాపోయేవారు చాలామంది. ర్యామ్ పూర్తి వేగంతో నడవాలంటే బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ అన్నది ఆన్ చేయాలి.

వారంటీ సాధారణంగా ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు మూడేళ్లు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి, పెట్టెలు అటక మీద దాచండి. కొన్ని కొట్లలో బిల్లు థర్మల్ కాగితం మీద ఇస్తారు, ఆ అక్షరాలు కొంతకాలానికే చెరిగిపోతాయి గనుక ఆ రోజే జెరాక్సు తీయించి పెట్టుకోండి.