భోగి దండతో పిల్లలకు తెలుగు మాటలు

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. అక్కడి నుంచి భోగికి సుమారు నాలుగు వారాలు. హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, పిల్లలతో పిడకల దండ కట్టించడానికి మనకు ఇదే అదను.

ఆవుపేడను చిన్న బిళ్లలుగా తట్టి, తడిగా ఉన్నప్పుడే మధ్యలో వేలితో చిల్లు పెట్టించాలి. తిరగేస్తూ బాగా ఎండబెట్టి, ఒకటి, రెండు అని లెక్కపెట్టిస్తూ పురికొసకు గుచ్చించాలి. పేడ దొరకని పట్నాల్లో బంకమట్టి బిళ్లలతో గుమ్మానికి దండ కట్టుకోవచ్చు. భోగిమంటలో పిడకల దండ వేసేటప్పుడు పెద్దలు పిల్లల చెయ్యి పట్టుకోవాలి.

బడిలో తెలుగు లేని మన పిల్లలకు అంకెలూ, పిడక, పురికొస, గుమ్మం అనే మాటలూ ఈ పనిలోనే నోటికి వస్తాయి. అందుకే దండ కట్టినంతసేపూ వాళ్లతో తెలుగులోనే మాట్లాడదాం.