ఒకే పేరు, రెండు తరాలు

తాత పేరు మనుమనికి పెట్టడం మన ఇండ్లలో వాడుక. ఇంట ఇద్దరు వెంకటరామయ్యలు ఉన్నప్పుడు పోస్టుమాను పేరు పెట్టి పిలిస్తే, అరుగు మీద ముందు పలికినవారి చేతికే ఉత్తరం చేరుతుంది. బ్యాంకులు, బీమా సంస్థలు వాడే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలోనూ ఇదే చిక్కు ఉన్నది.

ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్ 7వ తేదీన సిస్టమ్ 360 అనే కంప్యూటర్ల శ్రేణిని ప్రకటించినది. ఆనాడు ఏర్పడిన పేర్ల నియమాలు ఈనాటికీ చెల్లుతున్నవి. ఈ యంత్రాలలో ప్రోగ్రాములను లైబ్రరీలలో భద్రపరుస్తారు. లైబ్రరీ పేరు చుక్కలతో కలిపి 44 అక్షరాలను మించరాదు. చుక్కల నడుమ ఒక్కొక్క భాగానికి 8 అక్షరాలే. లోపలి ప్రోగ్రాము పేరుకూ అంతే. ఇంత ఇరుకులో పాతదేదో, కొత్తదేదో సూచించడం సులభం కాదు.

ఒక కార్యాలయంలో జీతాలు లెక్కగట్టే ప్రోగ్రాము ఉన్నదనుకుందాం. పన్ను రేటు మారగా, దానిని సవరించి ఒక లైబ్రరీలో చేర్చారు. ఏయే లైబ్రరీలలో వెదకవలెనో కంప్యూటరుకు వరుసగా చెబుతారు. కోరిన పేరు మొదట ఎక్కడ కనబడితే అక్కడనే అది ఆగిపోతుంది. ఆ వరుసలో ముందున్న లైబ్రరీలో ఎవరో పరీక్షకై ఉంచి మరచిన పాత ప్రతి ఉంటే, అదే నడుస్తుంది. యంత్రం దోషమేదీ చూపదు. ఉద్యోగి చేతికి మాత్రం తప్పు జీతం వస్తుంది.

పోనీ, పాతదానిని తుడిచివేసి కొత్తదానిని అదే పేరుతో ఉంచితే? కొత్తదానిలో లోపం బయటపడిననాడు వెనుకకు మరలే దారి ఉండదు.

దత్తాంశాల విషయంలో దీనికి చక్కని ఏర్పాటు ఉన్నది. మూలనామం ఒకటే ఉంటుంది. ప్రతి కొత్త ప్రతికి 0001, 0002 అని తరసంఖ్య చేరుతుంది. సున్న అంటే ఇప్పటిది, మైనస్ ఒకటి అంటే దానికి ముందటిది, ప్లస్ ఒకటి అంటే పుట్టబోయేది. ప్రోగ్రాములకైతే పరీక్షకు వేరు, వాడుకకు వేరు లైబ్రరీలు ఉంచి, ఆ భేదం పేరులోనే తెలియజేయాలి. వాడుక లైబ్రరీని మార్చే అధికారం కొద్దిమందికే ఉండాలి. వెనుకటి ప్రతిని కొంతకాలం దాచాలి.

పెద్ద వెంకటరామయ్య, చిన్న వెంకటరామయ్య అని మన పెద్దలు చేసుకొన్న ఏర్పాటు కూడా ఇదే కదా!