ఆవిరి పొరలో లోహమునకు మెరుగు

అట్లపెనము కాగినదో లేదో తెలిసికొనుటకు మన యిండ్లలో దానిపై నాలుగు నీటిచుక్కలు చిలుకరింతురు. కొంచెము కాగిన పెనముపై నీరు చుయ్యిమని ఇగిరిపోవును. మిక్కిలి కాలినదానిపై మాత్రము చుక్క వెంటనే ఇగిరిపోక, ముత్యమువలె గుండ్రనై అటునిటు పరుగులిడును. చుక్కకును పెనమునకును నడుమ సన్నని ఆవిరి పొర యేర్పడి వేడిని అడ్డగించుటయే దీనికి కారణము. జర్మను వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో ఈ వింతను వర్ణించెను. అట్టి ఆవిరి పొరను విద్యుత్తుతో కల్పించి, నేడు లోహపు వస్తువులకు మెరుగు పెట్టుచున్నారు.

లోహమును నునుపు చేయుటకు ఎమెరీ కాగితము, బఫింగు చక్రము మనమెరిగినవే. ఆ పనిలో రేగు ధూళి పనివాని ఊపిరితిత్తులకు చేటు. 1930 ప్రాంతమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాకే వేరొక మార్గము చూపెను. వస్తువును ద్రావకములో ముంచి, విద్యుద్విశ్లేషణముచే దాని మిట్టలను కరిగించుట ఆ పద్ధతి. స్టెయిన్‌లెస్ స్టీలునకు ఇది చక్కగా కుదిరినది గాని, గంధకామ్లము, ఫాస్ఫారికామ్లము కలిపిన గాఢద్రావకము కావలసివచ్చును. దానిని వాడుటయు కష్టమే, వాడినపిదప పారబోయుటయు కష్టమే.

కొత్త పద్ధతిలో తొట్టిలోనిది చాలవరకు నీరే. అందు నూటికి కొద్ది పాళ్ళు అమ్మోనియం సల్ఫేటు వంటి లవణము కలిపి, 70 మొదలు 90 డిగ్రీల వరకు వేడిచేయుదురు. వస్తువును ధనధ్రువముగా అమర్చి, 200 నుండి 400 వోల్టుల వరకు ప్రయోగింతురు. తక్షణమే వస్తువు నంటియున్న నీరు మరిగి ఆవిరి తొడుగగును. సామాన్యముగా వోల్టులు పెంచినకొలది కరెంటు పెరుగును. ఇచట తొడుగు నిలువగానే కరెంటు పడిపోవును! ఆ మిగిలిన కరెంటు ఆవిరిని చీల్చుకొని పోవలెను. అట్లు విద్యుత్కణములుగా చీలిన వాయువే ప్లాస్మా. ఉపరితలమునందలి మిట్టలవద్ద పొర పలుచన. అందుచే కరెంటు అచటనే ఎక్కువగా ప్రవహించి, మిట్టలు ముందుగా అరుగునని సాధారణముగా చెప్పుదురు. సూక్ష్మవివరములలో పరిశోధకులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. నిమిషమునకు పోవు లోహము కొద్ది మైక్రానులే. మన తలవెండ్రుక మందము 70 మైక్రానుల ప్రాంతమని తలచినచో ఇదెంత సున్నితమైన పనియో తెలియును.

శరీరములో అమర్చు లోహపు కీళ్ళు, మేకులు, శస్త్రచికిత్స పనిముట్లు దీనికి తగినవి. గరుకు చోట్ల సూక్ష్మక్రిములు సులువుగా పట్టుకొనును గదా. త్రీడీ ముద్రణతో చేసిన భాగముల వంపుసొంపులలోనికి చక్రము చేరలేనిచోట ద్రవము చేరును. అయినను లోతైన గీతలు దీనితో పోవు. సన్నని గొట్టముల లోపలికి దీని ప్రభావము అంతగా చేరదు. టైటానియమునకు ఫ్లోరైడు లవణములు కావలసివచ్చుటచే, ఆమ్లముల పీడ వదలినదను సంతోషము అచట కొంత తగ్గును. ఉక్కునకు వాడిన నీటిలోనికిని క్రోమియము, నికెలు దిగును. దానిని శుద్ధిచేయక కాలువలో వదలరాదు.

అసలు చిక్కు విద్యుత్తు ఖర్చు. 300 వోల్టులవద్ద చదరపు సెంటీమీటరునకు 0.2 ఆంపియరు చొప్పున లెక్కించినను 60 వాట్లు. అరచేయి యంత, అనగా 100 చదరపు సెంటీమీటర్ల వస్తువునకు 6,000 వాట్లు. మూడు ఇంటి గీజర్లకు సరిపోవు శక్తి. కనుక మా దృష్టిలో ఇది బిందెలకు, గిన్నెలకు తగిన పని కాదు. చిన్నవై విలువైన వస్తువులకే తగును. తొడుగు ఏర్పడక ముందు కరెంటు ఒక్కసారిగా ఎగయును గనుక, పెద్ద వస్తువులను తొట్టిలోనికి మెల్లమెల్లగా దింపుదురు.